కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక (2023-24)

సభ్యులందరికీ నమస్కారం. డ్రైనేజీ, వీధిదీపాల సంగతి కిందటి సమావేశంలోనే మాట్లాడుకున్నాం కాబట్టి ఈసారి టీకా శిబిరం గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

టీకాలు తప్పిన అయిదేళ్లలోపు పిల్లల కోసం కేంద్రం 2023 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మిషన్ ఇంద్రధనుష్ 5.0 నడిపింది. సెప్టెంబరు విడతకు మన కమ్యూనిటీ హాలు ఇచ్చాం. ఇంటింటికీ తిరిగి కార్డులు చూస్తే, తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ మొదటి డోసు చాలామందికి పడింది. 16 నెలలు నిండాక వేయించాల్సిన రెండోదే ఖాళీ. 2021 మేలో కోవిడ్ టీకాకు కోవిన్ వెబ్‌సైటులో స్లాటు కోసం రాత్రంతా ఫోను పట్టుకు కూర్చున్న ఇళ్లే ఇవి! (2022లో కోవిడ్ బూస్టరు డోసు 75 రోజులు ఉచితంగా ఇచ్చారు. ఎంతమందిమి వెళ్లామో ఇక్కడ అడగనులెండి.)

బద్ధకం కొంత, భయం కొంత. జిమ్‌లో కుర్రాళ్లు కుప్పకూలి చనిపోయేది కోవిడ్ సూది వల్లేనన్న వాట్సాప్ మాట చంటిపిల్లల టీకాల దాకా పాకింది. "జ్వరమొస్తే పూచీ ఎవరిది?" అని ఒక నాయనమ్మ గారు నిలదీశారు. టీకాలు వేసే నర్సు (ఏఎన్ఎం) వాదించలేదు. "రావచ్చమ్మా, వారం పది రోజులకు కాస్త ఒళ్లు కాలొచ్చు, దద్దుర్లూ రావచ్చు. నా నంబరు రాసుకోండి" అని, టీకా వేశాక అరగంట తన కళ్లెదుటే కూర్చోబెట్టుకుంది. మధ్యాహ్నం ఆ పెద్దావిడే పక్కింటి కోడళ్లను వెంటబెట్టుకొచ్చారు.

కలిపిన ఎంఆర్ మందు నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారబొయ్యాల్సిందే. అందుకే పిల్లల్ని ఒకేసారి తీసుకురావడానికి మనుషులు కావాలన్నాం. గ్రూపులో బొటనవేళ్లు చూపించిన యువకులు చవితి మండపం పనుల్లో తేలారు. ప్రారంభిస్తానన్న అధికారి మధ్యాహ్నమైనా రాలేదు. ఆయన కోసం ఆగకుండా సీసా తెరిచేశాం, అదే మంచిదైంది.

కోవిడ్ టీకా వల్ల 18-45 ఏళ్లవారిలో ఆకస్మిక మరణాల ముప్పు పెరగలేదని, రెండు డోసులు వేసుకున్నవారిలో తగ్గిందని 2023 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం వచ్చింది. నోటీసు బోర్డుకు అంటించాం. కోవిషీల్డ్ తరహా టీకాతో అరుదుగా రక్తం గడ్డకట్టొచ్చని దాన్ని తయారుచేసిన ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందన్న వార్త 2024 వేసవిలో వస్తే అదీ అంటించాం. ఆ సంగతి ఐరోపా ఔషధ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే చెప్పిందని కింద రాశాం. ఎందుకు అంటించారని కొందరు సభ్యులు కోప్పడ్డారు. దాచిపెడితే మన మాట ఎవరు నమ్ముతారండీ?

ఎండలో తిరిగిన ఆశా వర్కర్లకు, బస్తీ దవాఖానా సిబ్బందికి, అద్దె తీసుకోకుండా కుర్చీలిచ్చిన షామియానా వారికి, టీ, బిస్కెట్లు పంపిన కిరాణా వారికి, హాలు కడిగిన వాచ్‌మన్ దంపతులకు, మహిళా విభాగానికి పేరుపేరునా ధన్యవాదాలు.

జమాఖర్చులు కోశాధికారి గారు పంచిన కాగితంలో ఉన్నాయి. చందా బాకీలుంటే ఈ రోజే కట్టి రసీదు తీసుకోండి.

10, 16 ఏళ్ల పిల్లలకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా శిబిరం పెట్టాలని కార్యవర్గం అనుకుంటోంది. పనిచేస్తామని పేర్లిచ్చేవారు హాలు తాళంచెవి కూడా నా దగ్గర తీసుకుని వెళ్లాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి