బొమ్మకి శిక్షణ, మనిషికి రిఫర్ చీటీ

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన వారం మీ జిల్లా పేజీలో నర్సులకు అత్యవసర వైద్యంపై శిక్షణ విజయవంతం అని పెద్ద వార్త వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ కొబ్బరి దింపు ఉండి కుదరలేదు. ఈలోగా కోపం తగ్గుతుందేమో అనుకుంటే, ఆ పేపరు ఇంకా బల్ల మీదే ఉంది, కంటపడినప్పుడల్లా పెరుగుతోంది.

ముందు ఫొటో సంగతి. బల్ల మీద శిక్షణకి వాడే మనిషి బొమ్మ, దాని చుట్టూ పదకొండు మంది. లెక్కపెట్టాను. అందులో నర్సులు ఇద్దరే, అదీ వెనక వరసలో. బొమ్మ గుండె మీద చేతులు పెట్టిన పెద్దమనిషి మోచేతులు వంచి, కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. ఆయన కడుపునొప్పికి ఆముదం రాస్తున్నారేమో అనుకున్నాను. మస్కట్‌లో నర్సుగా చేస్తున్న నా మేనకోడలికి ఆ ఫొటో పంపిస్తే తిట్టిపోసింది. మోచేతులు నిటారుగా ఉంచాలట. గుండె ఆగినవాడి ఛాతీని నిమిషానికి వందసార్లకి తగ్గకుండా, నూట ఇరవైకి మించకుండా, రెండంగుళాల లోతు దిగేలా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ మళ్ళీ పైకి లేవాలి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి కాబట్టి మనిషి మారాలి. అక్కడ వాళ్ళు రెండేళ్ళకోసారి మళ్ళీ పరీక్షకి కూర్చుని బీఎల్ఎస్ కార్డు, అంటే ఇలా ప్రాణం నిలపడం వచ్చని ఇచ్చే కార్డు, రెన్యువల్ చేయించుకోవాల్సిందే. ఇక్కడ మాత్రం ఒక పూట క్లాసు, ఒక సర్టిఫికెట్, ఒక బిర్యానీ ప్యాకెట్. జన్మకి సరిపోతుంది.

నాకెందుకింత మంట అంటే, దాళ్వా (రెండో పంట) కోతల్లో మా అన్నయ్య కొడుకుని పాము కరిచిన సంగతి మా లంకల్లో అందరికీ తెలుసు. కుప్ప దగ్గర కాపలాకి వెళ్ళాడు, రక్తపింజరి. రాత్రిపూట పంటు ఉండదు కదా, నాటుపడవ మీద దాటించి ఆసుపత్రికి చేర్చేసరికి తొమ్మిదిన్నర. ఆసుపత్రి పేరు రాయను. క్యాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో, ఒక్క నర్సమ్మాయి ఉంది, కాంట్రాక్టు మీద చేరి నాలుగు నెలలు. పక్క వార్డు కూడా ఆమె నెత్తినే. డ్యూటీ డాక్టరు గారు లేబర్ రూములో ఉన్నారు.

ఆ పిల్లని నేను తప్పు పట్టను. చేతులు వణుకుతున్నా సూది సరిగ్గానే పెట్టింది. కానీ రక్తం గడ్డ కడుతోందో లేదో చూసే ఇరవై నిమిషాల పరీక్షకి రక్తాన్ని ప్లాస్టిక్ గొట్టంలో పోసింది. దానికి శుభ్రమైన, పొడి గాజు గొట్టమే ఉండాలి. లేకపోతే ఫలితాన్ని నమ్మడానికి లేదు. కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి ఒంపి చూస్తే, రక్తం నీళ్ళలా జారిందంటే విషం పని మొదలుపెట్టిందన్నమాట. గాజు గొట్టానికి ఎంతవుతుందండీ? ఆమెకి ఎవరూ చేసి చూపించలేదు, అంతే.

అదృష్టం బాగుండి, ప్రసూతి వార్డులోంచి ఒక పెద్ద సిస్టర్ గారు చూసి వచ్చారు. ఎక్కడో వెతికి గాజు గొట్టం తెచ్చి మళ్ళీ చేయించారు. రక్తం జారిపోయింది. డాక్టరు గారు వచ్చి విరుగుడు పది వయల్స్ సెలైన్‌లో ఎక్కించమన్నారు. సగం ఎక్కకుండానే వాడికి ఒళ్ళంతా దద్దుర్లు, పిల్లికూతలు, బీపీ పడిపోయింది. గుర్రం రక్తంలోంచి తీసిన మందు కదా, కొందరికి పడదు. అలా పడనప్పుడు చేసే అడ్రినలిన్ మందుని సిస్టర్ గారు ముందే సిరంజిలోకి లాగి పెట్టుకున్నారు. డ్రిప్ ఆపేశారు, డాక్టరు గారు ఊ అన్నారో లేదో తొడలో చేసేశారు. వాడు తేరుకున్నాక విరుగుడు మళ్ళీ నెమ్మదిగా మొదలెట్టారు. ఇప్పుడు వాడు బండేసుకుని ఊరంతా తిరుగుతున్నాడు, అది వేరే గొడవ.

తర్వాత ఒకరోజు గెల అరటిపళ్ళు పట్టుకెళ్ళి ఆవిడని కలిశాను. కాకినాడ పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో తొమ్మిదేళ్ళు చేసి వచ్చారట. మరి ఇక్కడ ప్రసూతి వార్డులో ఎందుకున్నారండీ అంటే నవ్వి ఊరుకున్నారు. మొన్న తెలిసింది, ఇప్పుడు అక్కడా లేరు. డిప్యుటేషన్ అని ఆఫీసులో కూర్చోబెట్టి ఆన్‌లైన్ ఎంట్రీలు చేయిస్తున్నారు. పని వచ్చినవాళ్ళు కంప్యూటర్ దగ్గర, రానివాళ్ళు రాత్రి క్యాజువాలిటీలో, ఏమీ చెయ్యనివాళ్ళు ఫొటోలో!

నర్సులకి అత్యవసర, విపత్తు వైద్యంలో ఏడాది పాటు నేర్పే డిప్లొమా ఒకటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్ళదే ఉందని ఆవిడే చెప్పారు. ఏడాదంతా ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకోవడమే. ఆ ఏడాది పనిని మన వాళ్ళు పదిన్నర నుంచి లంచ్ దాకా ముగించేశారు, అందులో ప్రసంగాలకి గంటన్నర.

పోనీ నేర్పిందైనా మా నేల మీద జరిగేదా? ఇక్కడ చెట్టు దింపు తీసేవాడు జారిపడతాడు, మెడ కదలకుండా ఎత్తడం రావాలి. రొయ్యల చెరువు దగ్గర నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ షాక్ కొడుతుంది. కారు కాలవలో పడుతుంది. పురుగుమందు తాగినవాడికి ఇంటి దగ్గర ఉప్పునీళ్ళు పట్టించి మరీ తెస్తారు. వాడి కంటిపాప సూదిమొనలా ఉంటుంది, నోట్లోంచి నురగ. బట్టలు తీసేసి ఒళ్ళు కడగాలి, ఐదేసి నిమిషాలకి చూసుకుంటూ, ఊపిరితిత్తుల్లో చెమ్మ ఆరేదాకా డాక్టరు చెప్పినట్టు విరుగుడు మందు అట్రోపిన్ పెంచుతూ పోవాలి. గడ్డిమందు తాగినవాడి సంగతి మళ్ళీ వేరు, అది పారాక్వాట్ అనే రకం అయితే అవసరం లేకుండా ఆక్సిజన్ పెట్టినా హానే. ఇవన్నీ రాత్రంతా పక్కన నిలబడి చూసుకునేది నర్సే.

పైగా ముందు ఎవర్ని చూడాలో తేల్చడమే ఒక విద్యట. ట్రయాజ్ అంటారు. ప్రాణం మీదికొచ్చినవాడికి ఎరుపు, కాస్త ఆగగలిగినవాడికి పసుపు, నడిచొచ్చినవాడికి ఆకుపచ్చ. మన దగ్గరా రంగులున్నాయి లెండి. ఏ రంగు కండువా వాడు ఫోన్ చేశాడన్నదాన్ని బట్టి మంచం దొరుకుతుంది.

2014 జూన్ 27న మా కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి కాలినవాళ్ళు ఒకేసారి వచ్చిపడ్డ తెల్లవారుజామున ఆసుపత్రుల్లో ఎలా ఉందో అధికారులు మర్చిపోయారేమో, మేం మర్చిపోలేదు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కరఘాట్ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. మళ్ళీ 2027లో పుష్కరాలు. ఘాట్లు, రోడ్లు, లైట్లు అంటూ ఇప్పటినుంచే మాటలు మొదలయ్యాయి. పుష్కరాల క్యాంపుల్లో టేబుల్ వేసుకుని కూర్చోవాల్సిన నర్సుల గురించి ఎవరైనా ఒక్క మాట అన్నారా? కోటిపల్లి–నరసాపురం రైలు కోసం చూసి చూసి తలలు నెరిసినవాళ్ళం, ఆశలు పెద్దగా లేవు. మాకు బాగా అందుతున్న వైద్యం ఒక్కటే, పెద్దాసుపత్రికి పొమ్మని రాసిచ్చే రిఫర్ చీటీ. అది రాయడానికి ఏ శిక్షణా అక్కర్లేదు.

నేనడిగేది కొండమీది కోతిని కాదు. రాత్రి క్యాజువాలిటీలో నిలబడేవాళ్ళకే నేర్పండి, ఆరేసి నెలలకి మళ్ళీ చేయించి చూడండి, నేర్చుకున్నవాళ్ళని రెండేళ్ళయినా అక్కణ్ణుంచి కదపకండి. ఆ సిస్టర్ గారిని ఎంట్రీల దగ్గర్నుంచి వెనక్కి తీసుకురండి, కొత్తపిల్లలకి ఆవిడే నేర్పుతారు.

ఇక మీ విలేఖరి గారికి ఒక మనవి. ఫొటోలో ఉన్న ఆ బొమ్మ ఇప్పుడెక్కడుందో ఒకసారి వెళ్ళి చూడమనండి. స్టోర్ రూములో పెట్టి తాళం వేశారట. మొన్న మా వాడి కట్టు మార్పించడానికి వెళ్ళినప్పుడు అడిగాను. తాళంచెవి ఉన్న ఆయన సెలవులో ఉన్నారు.

ఇట్లు,
ఓ కొబ్బరి రైతు,
కోనసీమ లంకల నుంచి