నాన్నగారికి, బుజ్జి నడక గురించి

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. ఇక్కడ మేమందరమూ క్షేమంగా ఉన్నాము. మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను. మొన్న ఆదివారం ఫోన్‌లో మీ చిన్న కుక్క బుజ్జి సంగతి మీరు నవ్వుతూనే చెప్పారు గాని, "నేను దాన్ని నడకకు తీసుకువెళ్ళడం లేదమ్మా, అదే నన్ను లాక్కుపోతోంది" అన్న మాట ఆ రాత్రంతా నా మనసులో మెదులుతూనే ఉంది. మీ కుడి మణికట్టు నొప్పి పెడుతోందనీ, మలుపు దగ్గర ఒకసారి తూలి గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారనీ అమ్మ తరువాత విడిగా చెప్పింది. ఇలాంటివి ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతాము. కాగితం మీద ఉంటే మీరు తీరికగా రెండు మూడుసార్లు చదువుకుంటారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా కుక్క చిట్టి విషయంలో నేను చేసిన పొరపాటు ముందుగా చెప్పాలి. అది మూడు కిలోల పామరేనియన్. అంత చిన్న ప్రాణి లాగితే మనకు ఏమవుతుందిలే అనుకుని, మొదటి ఎనిమిది నెలలూ అది ఎటు లాగితే అటు నడిచాను. పెద్ద కుక్క భుజం ఊడివచ్చేటట్టు లాగుతుంది కాబట్టి దాన్ని పెంచేవారు మొదటి వారంలోనే దారికి తెచ్చుకోవాలని చూస్తారు. చిన్న కుక్క లాగుడు మన చేతికి అంతగా తెలియదు కాబట్టి ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తాము. మన చేతికి తెలియనిది దాని గొంతుకు తెలుస్తుందని నాకు అప్పట్లో తట్టలేదు. ఒక ఉదయం చిట్టి ఒక చెట్టు వైపు ఉన్నట్టుండి దూకింది. మెడ బెల్టు బిగుసుకుంది, మెడ చాచి నాలుక బయటపెట్టి, బాతు అరిచినట్టు బొంగురుగా దగ్గడం మొదలుపెట్టింది. ఎత్తుకుని గుండెకు హత్తుకుంటే దాని పక్కటెముకలు నా అరచేతి కింద ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ దగ్గు ఒక నిమిషంలో తగ్గిపోయింది గాని, ఆ నిమిషం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

పశువైద్యురాలు దాని గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి చూసి, వివరంగా చెప్పారు. ఊపిరితిత్తులకు గాలి వెళ్ళే గొట్టాన్ని తెరిచి ఉంచేవి మృదులాస్థి ఉంగరాలట. అవి పూర్తి వలయాలు కావు. వెనకవైపు తెరిచి ఉంటాయి, ఆ ఖాళీని ఒక పలుచని పొర కప్పి ఉంచుతుంది. పామరేనియన్, యార్క్‌షైర్ టెరియర్, చివావా, టాయ్ పూడిల్ వంటి చిన్న జాతుల్లో ఈ ఉంగరాలు బలం తగ్గి, గొట్టం చదునుగా అణగిపోయే జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. మెడ బెల్టు వల్లనే ఆ జబ్బు పుడుతుందని అనలేము గాని, ఉన్న బలహీనతను బెల్టు ఒత్తిడి పెంచుతుంది. కుక్కలు మెడ బెల్టు మీద లాగినప్పుడు వాటి కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుందనీ, మెడకు బదులు రొమ్ముకూ వీపుకూ తొడిగే పట్టీల కట్టు, అంటే హార్నెస్ మీద లాగినప్పుడు అలా పెరగలేదనీ 2006లో వెలువడిన ఒక పరిశోధన కూడా చెబుతోంది. బుజ్జి లాగినప్పుడల్లా "గొంతులో ఏదో అడ్డుపడినట్టు" దగ్గుతోందని మీరు అన్నారు. అది ఆషామాషీగా తీసుకోవలసిన దగ్గు కాదు. నడక పాఠాలు మొదలుపెట్టడానికి ముందే దాన్ని ఒకసారి వైద్యునికి చూపించండి.

ఆ తరువాత మీరు చేయవలసినది ఆ గొలుసునూ మెడ బెల్టునూ పక్కన పెట్టి ఒక హార్నెస్ కొనడం. రొమ్ము దగ్గర ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉండేది చూడండి. రొమ్ముకు అడ్డంగా ఒకే పట్టీ వచ్చేవి భుజాల కదలికకు అడ్డుపడవచ్చు. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు ఉండాలి. అంతకన్నా వదులైతే వెనక్కి జారి తప్పించుకుంటుంది, బిగువైతే చంకల్లో ఒరుసుకుంటుంది. వీపు మీద ఒక రింగు, రొమ్ము మీద ఒక రింగు, రెండూ ఉన్నదైతే మరీ మంచిది. రొమ్ము రింగుకు తగిలిస్తే కుక్క ముందుకు దూకినప్పుడు దాని ఒళ్ళు పక్కకు తిరిగి మన వైపు వస్తుంది కాబట్టి, లాగుడు బలం అక్కడే విరిగిపోతుంది. లీష్, అంటే కుక్కను పట్టుకునే తాడు, ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల పొడవున్న తేలికైన నూలుదో నైలాన్‌దో చాలు. మీటను నొక్కితే సాగి తిరిగి చుట్టుకునే రకం మాత్రం దయచేసి వద్దు. అందులో స్ప్రింగు ఎప్పుడూ కొద్దిగా గుంజుతూనే ఉంటుంది, కుక్క లాగితేనే తాడు పొడవు పెరుగుతుంది. లాగితే దారి దొరుకుతుందని దానికి రోజంతా మనమే నేర్పినట్టు అవుతుంది. ఇంకొక మాట, లీష్ చివరి ఉచ్చులోంచి చేయి దూర్చి తాడును అరచేతిలో పట్టుకోండి గాని, వేళ్ళ చుట్టూ ఎప్పుడూ చుట్టుకోకండి. మీ మణికట్టు నొప్పికి సగం కారణం ఆ చుట్టుకోవడమేనని నా అనుమానం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బుజ్జి పెంకిదని మీరు అంటున్నారు, మీ మీద పెత్తనం చేయాలని చూస్తోందని పక్కింటివారు అంటున్నారు. నాకు రెండూ నిజమనిపించడం లేదు. అది లాగుతుంది, మీరు ఒక అడుగు వేస్తారు, చెట్టు దగ్గరపడుతుంది. దాని లెక్క అంతే. మంచి ఫలితం ఇచ్చిన పనిని ప్రాణి మళ్ళీ చేస్తుందని థార్న్‌డైక్ అనే శాస్త్రజ్ఞుడు 1898లో పిల్లులను పెట్టెల్లో ఉంచి చేసిన ప్రయోగాల్లోనే చూపించాడు. బిగిసిన లీష్ వెనక మనం వేసే ప్రతి అడుగూ లాగినందుకు దానికి ముట్టజెప్పిన కూలి. కూలి ఆగితే పని ఆగుతుంది. పైగా దాని ముక్కు మన ముక్కుకన్నా ఎన్నో రెట్లు పదునైనది. మనకు ఖాళీగా కనిపించే వీధి దానికి నిన్న రాత్రి నుంచి ఎవరెవరు నడిచారో రాసిపెట్టిన పుస్తకం. అది ఆత్రపడడంలో తప్పేమీ లేదు. ఆ ఆత్రాన్ని మనతో కలిసి తీర్చుకోవచ్చని దానికి తెలియాలి, అంతే.

నేను చేసిన పద్ధతి ఇది. లీష్ బిగుసుకున్న ఆ క్షణమే ఆగిపోవాలి. వెనక్కి గుంజకూడదు, కసరకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. చేతిని నడుముకు ఆనించి, స్తంభంలా నిలబడాలి. మనం వెనక్కి గుంజితే కుక్క తరచూ ఎదురు గుంజుతుంది. కొంతసేపటికి, మొదట్లో అర నిమిషం కూడా పట్టవచ్చు, అది వెనక్కి తిరిగి చూస్తుంది, లేదా ఒక అడుగు వెనక్కి వేస్తుంది. తాడు వదులవుతుంది. వెంటనే "సెబాష్" అని చెప్పి, మీ ఎడమ కాలి పక్కన ఒక చిన్న తినుబండారం పెట్టి, ముందుకు నడవండి. బిగిస్తే దారి మూసుకుంటుంది, వదిలితే దారి తెరుచుకుంటుంది, ఇదొక్కటే దానికి అర్థం కావాలి.

లీష్ వదులుగా ఉన్నదో లేదో ఎలా తెలుస్తుందని మీరు అడుగుతారు. హార్నెస్ రింగుకు తగిలించిన కొక్కేన్ని చూడండి. అది నిట్టనిలువుగా కిందికి వేలాడుతుంటే తాడు వదులుగా ఉన్నట్టు, అడ్డంగా లేచి నిలబడితే బిగిసినట్టు. నాకు ఇది తెలిసిన రోజు నుంచి నేను చిట్టి తలను చూడడం మానేసి కొక్కేన్నే చూశాను. అది లేవబోతున్నదని కన్ను ముందే పసిగడుతుంది, అప్పుడు నా నడక నెమ్మదిస్తుంది, చిట్టి చెవి ఒకటి వెనక్కి తిరుగుతుంది. ఆ చెవి తిరిగిందంటే అది నన్ను గుర్తుపెట్టుకున్నదని అర్థం. ఆ చెవికి కూడా నేను బహుమానం ఇచ్చాను.

బహుమానం ఎక్కడ ఇస్తామన్నది ఎంతో ముఖ్యం. మన ముందు ఇస్తే ముందుకే వస్తుంది, కాలి పక్కన ఇస్తే కాలి పక్కనే ఉంటుంది. కాని అంత చిన్న కుక్క నోటి దాకా ఇరవై సార్లు వంగితే మీ నడుము ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని పొడవాటి చెక్క గరిటె ఒకటి వెంట తీసుకువెళ్ళండి. దాని కొనకు బుజ్జి ఇష్టంగా తినే మెత్తని ఆహారం పూసి, కాలి పక్కగా కిందికి దించితే అది ఒక్కసారి నాకి మళ్ళీ నడుస్తుంది, మీరు వంగనక్కరలేదు. గట్టి తిండైతే ముక్క పెసరగింజంత ఉంటే చాలు. ఆ ముక్కలను దాని రోజువారీ తిండిలోంచే తీసివేయండి. దాని బరువున్న కుక్కకు రోజంతా కావలసిన ఆహారమే చాలా తక్కువ, అదనంగా పెడితే ఒళ్ళు వస్తుంది, ఒళ్ళు వస్తే గొంతు దగ్గు ఇంకా ఎక్కువవుతుంది.

మొదటి వారం దయచేసి గేటు దాటకండి. హాల్లో, తరువాత వరండాలో, ఆ తరువాత వాకిట్లో, రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి అయిదు నిమిషాలు చాలు. వాసనలు లేని చోట నేర్చుకోలేనిది వీధిలో నేర్చుకోదు. చిట్టితో నేను వీధిలోకి అడుగుపెట్టిన మొదటి రోజు, మా గుమ్మం నుంచి మూడో ఇంటి దాకా వెళ్ళడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మీ అల్లుడుగారు కిటికీలోంచి చూసి ఏమైందోనని బయటికి వచ్చారు. నాలుగో రోజు అది ఇంతకు ముందుకన్నా గట్టిగా లాగింది, మొరిగింది, నేల మీద కూర్చుని మొండికేసింది. నేను ఓడిపోయాననుకున్నాను. కాని అప్పటిదాకా పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే వదిలేసే ముందు ప్రాణి దాన్ని ఒకసారి రెట్టించి చూస్తుంది. తెరుచుకోని తలుపును మనం ఇంకా గట్టిగా నెట్టి చూసినట్టే ఇదీను. ఆ రెండు మూడు రోజులు మీరు లొంగిపోతే, ఇంత గట్టిగా లాగితేనే దారి దొరుకుతుందన్న కొత్త పాఠం నేర్పిన వారవుతారు. ఆరో రోజున మేము అదే మూడో ఇంటిని కొక్కెం లేవకుండా దాటాము.

ఇక్కడే అమ్మతో మీరు మాట్లాడాలి. పది సార్లలో తొమ్మిది సార్లు మీరు ఆగి, పదోసారి అమ్మ జాలిపడి దాని వెనక పరుగెత్తితే, ఆ ఒక్కసారి తొమ్మిదింటినీ తుడిచేస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరికే ఫలితం కోసం జంతువు ఎక్కువ కాలం పట్టుబడుతుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ప్రయోగాలతో నిరూపించాడు. అయితే ప్రతి నడకా పాఠంగా సాగదని నాకూ తెలుసు. వాన మొదలయినప్పుడో, వైద్యుని దగ్గరకు ఆదరాబాదరాగా వెళ్ళేటప్పుడో ఆగుతూ నడవలేము. అలాంటప్పుడు వీపు మీది రింగుకు తగిలించండి, పాఠం చెప్పేటప్పుడు రొమ్ము రింగుకు తగిలించండి. రెండింటికీ తేడా అది కొద్ది రోజుల్లో పసిగడుతుంది, మీ శ్రమ వృథా కాదు. తొందర మరీ ఎక్కువైతే ఎత్తుకుని వెళ్ళండి. చిన్న కుక్కతో ఆ సదుపాయం ఒకటి ఉన్నది కదా.

వాసన చూడనివ్వండి, నాన్నగారూ. దాన్ని చెట్టు నుంచి లాగేయడం నాకు ఇప్పుడు చాలా తప్పుగా తోస్తుంది. చెట్టుకు నాలుగు అడుగుల దూరంలో ఆగండి. తాడు వదులు కాగానే "వెళ్ళు" అని చెప్పి, మీరూ దానితో చెట్టు దాకా నడవండి, అది తృప్తిగా వాసన చూసే దాకా నిలబడండి. తినుబండారంకన్నా గొప్ప బహుమానం అదే. ఎదురుగా మరో కుక్క వచ్చినప్పుడు బుజ్జి లాగి మొరిగితే మాత్రం ఆ లాగుడు వేరు. చాలాసార్లు అది భయం వల్ల వచ్చేది. తోక కాళ్ళ మధ్యకు పోవడం, ఊరికే పెదవులు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం కనిపిస్తే స్తంభంలా నిలబడకండి. వీధికి అవతలి పక్కకు దాటి, అది మళ్ళీ తినగలిగేంత దూరం వెళ్ళండి. భయపడుతున్న ప్రాణికి పాఠం చెప్పలేము.

ఒకసారి నేను విసిగి లీష్‌ను గట్టిగా గుంజాను. చిట్టి ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ నేలను వదిలి వెనక్కి వచ్చి పడింది. దెబ్బ తగలలేదు గాని, ఆ రోజంతా నేను లీష్ చేత్తో పట్టుకుంటే చాలు, తలుపు దగ్గరకు రాకుండా దూరంగా నిలబడింది. అందుకే చెబుతున్నాను, మీకు విసుగు వచ్చిన రోజు పాఠం మానేసి ఇంటికి వచ్చేయండి. రేపు ఉన్నది.

హార్నెస్ కొనడానికి ముందు బుజ్జి రొమ్ము చుట్టుకొలత, ముందు కాళ్ళ వెనక నుంచి, టేపుతో కొలిచి నాకు చెప్పండి. ఏ సైజు సరిపోతుందో చూసి చెబుతాను. వైద్యుడు గొంతు గురించి ఏమన్నారో కూడా తప్పక తెలియజేయండి. మణికట్టుకు విశ్రాంతిగా ఈ వారం రోజులు లీష్ ఎడమ చేతితో పట్టుకోండి, గరిటె కుడిచేతిలో ఉంచుకోండి. కొక్కెం లేవకుండా వాకిట్లో ఎన్ని అడుగులు వేశారో వచ్చే ఆదివారం ఫోన్‌లో చెబుతారని ఎదురుచూస్తుంటాను. అమ్మకు నా నమస్కారములు, బుజ్జికి ముద్దులు.

ఇట్లు,
మీ అమ్మాయి