ఏప్రిల్ జీతం చీటీతో పాటు ఒక అరఠావు

సంపాదకులకు నమస్కారం.

నేను చిలకలూరిపేట దగ్గర ఒక నూలు మిల్లులో టైమ్ ఆఫీసు గుమాస్తాగా 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. హాజరు పట్టీలు, పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలన్నీ నా చేతిమీదుగానే నడిచేవి. ఈమధ్య మా వీధి చివర నెట్ సెంటర్‌లో ఒకామె, చనిపోయిన భర్త పీఎఫ్ కోసం కాగితాల సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఆమెను చూశాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఒకప్పుడు అలాంటి సంచి ఒకటి నా వల్లే తయారైంది.

2011 వేసవి. నెలాఖరు లెక్కలని రాత్రి ఆఫీసులోనే ఉన్నాను. నూలు చుట్టే వైండింగ్ విభాగంలో ఒక కార్మికుడు గుండె పట్టుకుని కూలిపోయాడని, ఇంటికి ఫోన్ చేయమని సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. ఫైలు తీస్తే పీపీ నంబరు ఉంది. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, పీపీ అంటే పక్కింటివాళ్ల ల్యాండ్‌లైను. 1996లో అతను చేరినప్పుడు రాసుకున్నది. ఎంతకీ కలవలేదు. అడ్రసు చూసి స్కూటర్ మీద మనిషిని పంపితే, ఆ అద్దెయిల్లు ఖాళీ చేసి ఆరేళ్లయిందని చెప్పి పంపారు. అతని జేబులో సెల్ ఫోన్ ఉందని కంగారులో ఎవరికీ తోచలేదు. భార్య గుంటూరు ఆస్పత్రికి చేరేసరికి తెల్లారింది. అప్పటికే అతను పోయాడు.

తర్వాత క్లెయిమ్ కాగితాలు తీస్తే నామినీగా తల్లి పేరుంది. పెళ్లికి ముందు చేరాడు కాబట్టి ఫారం 2లో తల్లి పేరే రాశాడు, సంతకం పెట్టించింది నేనే. ఆ తల్లి 2004లో పోయింది. అతను శుభలేఖ ఇస్తే నోటీసు బోర్డుకు అంటించాను, పెళ్లికి వెళ్లి భోజనం కూడా చేసొచ్చాను. కొత్త నామినేషన్ మాత్రం రాయించలేదు. “అత్తమ్మ పోయి ఏడేళ్లయింది గదయ్యా, ఇంకా ఆమె పేరే ఉందా?” అని ఆ అమ్మాయి అడిగితే తల దించుకున్నాను.

తహసీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు తిరిగిందో. రేషన్ కార్డులో పుట్టింటి పేరు, ఓటరు కార్డులో అత్తింటి పేరు, మా రికార్డులో అసలు ఆమె పేరే లేదు. పీఎఫ్ పింఛను నామినేషన్‌తో పని లేకుండా భార్యకు వచ్చేదే. కానీ తనే భార్యనని ముందు రుజువు చేసుకోవాలి కదా. అన్నీ తేలేసరికి 11 నెలలు పట్టింది. ఆ 11 నెలలూ ఇంటద్దె ఎవరు కట్టారో నేను అడగలేదు.

మారిన వివరాలు ఉద్యోగే వచ్చి చెప్పుకోవాలంటారు. నిజమే. అయితే తన కాగితంలో ఏముందో చూడనివాడు ఏం చెబుతాడు? చేరిన రోజు పది సంతకాలు పెట్టించుకుని బీరువాలో పెడతాం. మళ్లీ అది బయటికొచ్చేది మనిషి మానేసినప్పుడో, పోయినప్పుడో. అంతెందుకు, రిటైరయ్యే ముందు నా ఫైలు నేనే తిరగేస్తే గ్రాట్యుటీ నామినీగా మా నాన్నగారున్నారు. ఆయన పోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు! ఈ సంగతి మా ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు, ఉత్తరం అచ్చయితే చదువుతుంది.

పేర్లదీ పెద్ద గొడవే. వెంకటేశ్వర్లు అని చెప్పినవాడిని వెంకటేశ్వరరావు అని రాసిన గుమాస్తాలున్నారు. మా జిల్లాలో షేక్ అనే ఇంటిపేరును పొట్టిగా ‘ఎస్‌కే’ అని రాయడం మామూలు. ఆధార్ వచ్చాక ఆ రెండక్షరాలకే పీఎఫ్ దరఖాస్తులు వెనక్కొచ్చాయి. పుట్టిన తేదీ తెలియనివాళ్లందరికీ జులై 1 వేసేవాళ్లం. మిల్లులో ఆ రోజు కేకు కోస్తే సగం మందికి పుట్టినరోజే! నవ్వొస్తుంది గానీ, పీఎఫ్ పింఛను 58 ఏళ్లకు మొదలవుతుంది, ఆ తేదీ తప్పితే నెలలకు నెలలు పోతాయి.

ఇప్పుడు కొంత మెరుగే. ఈ-నామినేషన్ ఫోన్‌లోనే చేసుకోవచ్చు. 2017 అక్టోబరు 1 తర్వాత యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యుడికిచ్చే శాశ్వత నంబరు, వచ్చి, ఆధార్‌తో సరిచూసి ఉన్నవాళ్లు పేరు, పుట్టిన తేదీ వంటివి తామే దిద్దుకునే వీలు 2025 జనవరిలో ఇచ్చారు. కాకపోతే ఓటీపీ ఆధార్‌కిచ్చిన నంబరుకు వస్తుంది. ఆ సిమ్ము రీచార్జి లేక ఎప్పుడో పోయి ఉంటుంది. కొన్నిచోట్ల యూఏఎన్‌లో నెట్ సెంటర్ అబ్బాయి తన నంబరే ఇచ్చి పని కానిచ్చేస్తాడు. అప్పటికి పని అవుతుంది, తర్వాత ఆ అబ్బాయి కొట్టు ఎత్తేస్తే ఇక అంతే.

యాజమాన్యాలను నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఏటా ఏప్రిల్ జీతం చీటీతో పాటు ఒక అరఠావు ఇవ్వండి. పేరు, పుట్టిన తేదీ, ఇప్పటి అడ్రసు, అవసరానికి ఎవరికి ఫోన్ చేయాలి, నామినీ ఎవరు అని మీ రికార్డులో ఉన్నది ఉన్నట్టు దానిమీద వేయండి. తప్పుంటే అతనే కొట్టేసి రాస్తాడు, సంతకం పెట్టిన కాపీ ఒకటి అతని దగ్గర ఉంటుంది. దీనికి మళ్లీ ఆధార్ జిరాక్సులు అడగొద్దు, ఇప్పటికే బీరువాల నిండా అవే. కార్మిక శాఖ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు హాజరు పట్టీతో పాటు ఈ అరఠావులు కూడా చూపించమంటే బాగుంటుంది. చదువురానివాళ్లకు షిఫ్టు మారే వేళ గుమాస్తా కూర్చుని చదివి వినిపించాలి, వేలిముద్ర ఆ తర్వాతే వేయించుకోవాలి.

— ఒక రిటైర్డ్ గుమాస్తా, చిలకలూరిపేట