ఆ ఒక్క ప్రశ్నకు నీ దగ్గర జవాబుంది

కూకట్‌పల్లి, హైదరాబాదు
ఆదివారం

ప్రియమైన మిత్రమా,

నీ మెయిల్ అందింది. జీనోమ్ వ్యాలీలోని ఫార్మా కంపెనీ నుంచి క్యూసీ (మందుల నాణ్యతను పరీక్షించే ల్యాబ్) టీమ్ లీడర్ ఉద్యోగానికి పిలుపు వచ్చిందని చదివి మా ఇంట్లో అందరమూ ఎంతో సంతోషించాము. సబ్జెక్టు ప్రశ్నల విషయంలో నీకు ఎవరూ కొత్తగా చెప్పవలసింది లేదు. ఇన్నేళ్లుగా మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు నిలబడి పనిచేసినవాడివి. నిన్ను కలవరపెడుతున్నదల్లా హెచ్‌ఆర్ వాళ్లు ముందుగానే చెప్పి ఉంచిన ఆ ఒక్క ప్రశ్న: "మీతో పనిచేసేవాళ్ల నమ్మకాన్ని మీరు ఎలా సంపాదించుకున్నారు? ఒక సంఘటన చెప్పండి." దానికి నువ్వు రాసి పంపిన జవాబును శ్రద్ధగా చదివాను. అందరితోనూ కలుపుగోలుగా ఉంటాననీ, ఎవరికి ఏ అవసరం వచ్చినా కాదననీ, టీమ్‌లో అందరూ నిన్ను సొంత అన్నలా చూస్తారనీ రాశావు. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదని నాకు తెలుసు. అయినా బల్లకు అవతలి వైపు కూర్చుని ఇంటర్వ్యూలు చేసేవాడిగా చెబుతున్నాను, ఈ జవాబు విన్న ప్యానెల్ కాగితం మీద ఏమీ రాసుకోదు. ఆ రోజు వచ్చినవాళ్లలో చాలామంది ఇదే చెబుతారు, అందులో ఎవరి మాట నిజమో తేల్చుకోవడానికి మాకు ఆధారమేమీ దొరకదు.

ఇలాంటి ప్రశ్నలు ఐటీ కంపెనీల్లోనే అడుగుతారని మనం అనుకునేవాళ్లం. నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద క్యాంపస్ కట్టుకున్న అమెజాన్‌కు 16 నాయకత్వ సూత్రాలు ఉన్నాయి, వాటిలో నమ్మకం సంపాదించుకోవడం ఒకటి. అక్కడికి వెళ్లే పిల్లలు ఒక్కొక్క సూత్రానికీ ఒక్కొక్క సంఘటనను సిద్ధం చేసుకుని వెళతారు. ఇప్పుడు మన ఫార్మా ప్యానెళ్లలో కూడా ఇది మామూలు ప్రశ్న అయిపోయింది. నన్నడిగితే ఇది మన రంగంలోనే మరింత అవసరమైన ప్రశ్న, ఎందుకంటే ప్రొడక్షన్‌వాళ్లు క్యూసీని నమ్మని ప్లాంటులో పొరపాట్లన్నీ చాటుకు పోతాయి.

ముందుగా ఆ ప్రశ్న నిజంగా దేన్ని అడుగుతున్నదో చూద్దాం. మేయర్, డేవిస్, షూర్మన్ అనే ముగ్గురు పరిశోధకులు 1995లో రాసిన ఒక వ్యాసం ఈ విషయంలో నాకు బాగా ఉపయోగపడింది. ఎదుటి మనిషి వల్ల తనకు నష్టం జరిగే అవకాశం ఉందని తెలిసి కూడా, ఆ మనిషి చేతిలో తన పనిని పెట్టడానికి సిద్ధపడటమే నమ్మకమని వాళ్లు అన్నారు. అలా సిద్ధపడటానికి ఎదుటివాళ్లు నీలో మూడింటిని చూస్తారట: పని వచ్చా, నా మంచి కోరుతాడా, మాట మీద నిలబడతాడా. నీ జవాబులో రెండోది మాత్రమే ఉంది. పని వచ్చిన సంగతి గానీ, కష్టమైన చోట కూడా మాట తప్పని సంగతి గానీ అందులో ఎక్కడా కనిపించదు. పైగా నమ్మకానికి సాక్ష్యం నమ్మినవాళ్ల పనిలో దొరుకుతుంది కాబట్టి, నువ్వెంత మంచివాడివో ఎంతసేపు చెప్పినా ఆ సాక్ష్యం బయటికి రాదు. అంతకు ముందు నిన్ను నమ్మని ఒక మనిషి, ఆ తరువాత నీ విషయంలో వేరుగా ఏం చేశాడో చెప్పగలిగితేనే జవాబు పూర్తవుతుంది.

"కాదనను" అన్న మాట విషయంలో నిన్ను ప్రత్యేకంగా హెచ్చరించాలి. ఒకసారి మా ప్యానెల్ ముందుకు వచ్చిన ఒక అబ్బాయి, చదువులోనూ పనిలోనూ చురుకైనవాడే, ఇదే ప్రశ్నకు జవాబుగా, తోటి కెమిస్టు ఆలస్యంగా వచ్చిన రోజున అతని లాగ్‌బుక్ ఎంట్రీలు తానే పూర్తి చేసి పెట్టాననీ, అప్పటి నుంచి ఆ కెమిస్టు తనను ప్రాణంగా చూసుకుంటున్నాడనీ ఎంతో ఆనందంగా చెప్పాడు. ఆ ఇంటర్వ్యూ అక్కడితో ముగిసింది. ఏ పని ఎవరు చేశారో వాళ్లే, చేసినప్పుడే రాయాలన్నది మనం ట్రైనింగులో మొదటి రోజునే నేర్చుకునే ఆల్కోవా నియమం. స్నేహం కోసం దాన్ని పక్కన పెట్టినవాడు రేపు ఇంకొకరి కోసం రిజల్టును కూడా పక్కన పెట్టడని ఎవరు పూచీ పడతారు? మొహమాటానికి చేసిపెట్టిన సాయాన్ని నమ్మకం సంపాదించిన కథగా ఎప్పుడూ చెప్పవద్దు. నువ్వు అలాంటి పని చేసేవాడివి కావు, కానీ నీ వాక్యం విన్నవాళ్లకు ఆ అనుమానం కలగవచ్చు.

అసలు నీ దగ్గర ఉన్న సంఘటనను నువ్వు ఎందుకు వాడుకోలేదో నాకు అర్థం కాలేదు. పాశమైలారం ప్లాంటులో అస్సే (మందు శాతం) తక్కువ వచ్చి ఓఓఎస్ (నిర్ణీత పరిమితిలో లేని ఫలితం) అయిన ఆ బ్యాచ్ సంగతి నువ్వే కదా నాకు చెప్పావు! డిస్పాచ్ ఆగిపోయింది, షిఫ్ట్ ఇన్‌ఛార్జి ల్యాబ్ గుమ్మంలోకి వచ్చి, "మీ ల్యాబోళ్ల టెస్టే తప్పు, మా బ్యాచ్‌కు ఏం కాలేదు" అని అందరి ముందూ కేకలు వేశాడు. ఇంకో శాంపిల్ పెట్టి చూడమని పైనుంచి కూడా ఒత్తిడి వచ్చింది. కారణం తేలకుండా పాస్ అయ్యేదాకా టెస్టులు చేస్తూ పోవడం కుదరదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చి, 2022లో సవరించిన ఓఓఎస్ మార్గదర్శకం స్పష్టంగా చెబుతున్నది కాబట్టి నువ్వు ఒప్పుకోలేదు. సొల్యూషన్లు పారబోయకుండా ఉంచి, ఆ ఇన్‌ఛార్జినే ల్యాబ్ లోపలికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, బ్యాలెన్స్ ప్రింటవుటు దగ్గర నుంచి క్రొమటోగ్రామ్‌లో పీక్ ఇంటిగ్రేషన్ దాకా ఒక్కొక్కటీ చూపించావు. ఫ్లాస్కును శబ్ద తరంగాలతో కరిగించే సోనికేటర్‌లో ఉంచవలసినంత సేపు ఉంచకుండానే బయటికి తీశారనీ, శాంపిల్ పూర్తిగా కరగలేదనీ అలా చూస్తుండగానే బయటపడింది. ఉంచిన సొల్యూషన్‌ను మళ్లీ సోనికేట్ చేసి ఇంజెక్ట్ చేస్తే విలువ సరిగ్గా వచ్చింది. మరునాడు ఉదయం మీటింగులో ప్లాంట్ హెడ్ ఎదుట, "తప్పు మా ల్యాబ్‌ది, బ్యాచ్‌ది కాదు" అని ఎవరూ అడగకముందే చెప్పావు. ఆ పని చేసిన జూనియర్ అమ్మాయి పేరు ఎత్తలేదు. సోనికేషన్ మొదలైన సమయం, ముగిసిన సమయం రాసే గడులను వర్క్‌షీట్‌లో చేర్పించి, ఆ అమ్మాయికి దగ్గరుండి మళ్లీ ట్రైనింగ్ ఇచ్చావు.

ఇంతవరకు చెబితే నీ మంచితనం తెలుస్తుంది. నువ్వు కథను ఆపకూడని చోటు ఇదే. ఆ తరువాత కొంతకాలానికి ఒక నైట్ షిఫ్టులో అదే ఇన్‌ఛార్జి నీకు ఫోన్ చేసి, "సార్, డ్రయ్యర్ల వాక్యూమ్ కొంచెంసేపు పడిపోయింది, బీఎంఆర్ల (బ్యాచ్ తయారీ రికార్డులో) రాసిన, శాంపిల్ తీసేముందే మీకు చెప్తున్న" అన్నాడు. అంతకు ముందు అలాంటివన్నీ శాంపిల్ ఫెయిలైన తరువాత గానీ మీ ల్యాబ్‌కు తెలిసేవి కావు. నువ్వు విసుక్కోకుండా, క్యూఏకు (నాణ్యతా హామీ విభాగానికి) కూడా చెప్పమని చెప్పి, డ్రయ్యర్ పై భాగం, మధ్య భాగం, అడుగు నుంచి విడివిడిగా శాంపిళ్లు తీయించావు. అడుగున ఎల్ఓడీ (ఆరకుండా మిగిలిన తడి) ఎక్కువగా ఉన్నదని బయటపడింది, బ్యాచ్‌ను ఇంకా ఆరబెట్టారు. తన షిఫ్టులో జరిగిన పొరపాటును తానుగా వచ్చి నీ చేతిలో పెట్టిన ఆ ఫోన్ కాల్‌ను మించిన సాక్ష్యం ఏ ప్యానెల్‌కు కావాలి?

చెప్పే పద్ధతి గురించి కొంచెం. సిచ్యువేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్ అన్న స్టార్ పద్ధతి నీకు తెలుసు. చాలామంది ప్లాంటు చరిత్రతో మొదలుపెట్టి మొదటి మెట్టు మీదే సమయమంతా ఖర్చు చేస్తారు. నువ్వు రెండు మూడు వాక్యాల్లో ఓఓఎస్ దగ్గరికి వచ్చెయ్యి. నువ్వేం చేశావన్న దగ్గరే ఎక్కువసేపు ఉండు. మొత్తం మూడు నిమిషాలకు మించవద్దు.

మనవాళ్లకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఆత్మస్తుతి, పరనింద రెండూ తగవని చిన్నప్పటి నుంచి విని పెరిగినవాళ్లం కాబట్టి, చేసిన పనిని చెప్పవలసి వచ్చినప్పుడు "మేము చేశాం, మా టీమ్ చూసుకుంది" అంటూ తప్పుకుంటాం. అలా అంటే ప్యానెల్‌కు నువ్వు కనిపించవు. సొల్యూషన్ ఉంచమన్నది నువ్వు, ఇన్‌ఛార్జిని లోపలికి పిలిచింది నువ్వు. అక్కడ "నేను" అను, అది గొప్పలు చెప్పుకోవడం కాదు. పరనింద విషయంలో మాత్రం పెద్దల మాటే పాటించు. ఇన్‌ఛార్జి కేకలు వేసిన సంగతి చెప్పేటప్పుడు, డిస్పాచ్ ఆగితే ఆయన మీద ఎంత ఒత్తిడి ఉంటుందో కూడా ఒక్క మాటలో చెప్పు. మనిషిని ఎలా అర్థం చేసుకున్నావో అందులోనే తెలిసిపోతుంది.

మీ ల్యాబ్ తప్పు బయటపడిన సంగతి చెబితే నిన్ను తక్కువగా చూస్తారేమోనని భయపడుతున్నావేమో. ఆ భయం అక్కరలేదు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే హార్వర్డ్ పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలిస్తే, బాగా కలిసి పనిచేసే టీములలోనే నమోదైన పొరపాట్లు ఎక్కువగా కనిపించాయి. అక్కడివాళ్లు భయం లేకుండా పైకి చెప్పుకోగలగడమే అందుకు కారణమని ఆమె గ్రహించింది. డీవియేషన్ (పద్ధతి తప్పిన ఘటన) ఒక్కటి కూడా లేదని చెప్పే ల్యాబ్‌ను చూస్తే నాకూ, నాలాంటి క్యూఏవాళ్లకూ దిగులే కలుగుతుంది.

అనుబంధ ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. "ఆ ఇన్‌ఛార్జిని అడిగితే మీ గురించి ఏమంటారు?" అని నేనైతే అడుగుతాను. పొగడ్త వెతుక్కోకుండా ఆయన ఫోన్‌లో అన్న మాటనే చెప్పు. "పై అధికారి వినకుండా మళ్లీ టెస్ట్ చేయమనే పట్టుబట్టి ఉంటే?" అని కూడా అడగవచ్చు, క్యూఏకు రాతపూర్వకంగా తెలియజేసేవాడినని తడబాటు లేకుండా చెప్పాలి. ప్రొడక్టు పేరు, కస్టమర్ పేరు, బ్యాచ్ నంబరు పొరపాటున కూడా నోట రానీయవద్దు. పాత కంపెనీ రహస్యాలను బయటపెట్టేవాడు నమ్మకం గురించి ఎంత చెప్పినా ఎవరూ వినరు. ఇంగ్లీషు గురించి బెంగపడవద్దు. చిన్న చిన్న వాక్యాల్లో చెప్పు. మాట తట్టకపోతే ఒక్క క్షణం ఆగు, ఎవరూ తప్పు పట్టరు.

బుధవారం రాత్రి భోజనాల తరువాత నేను ఫోన్ చేస్తాను. ఈ సంఘటనను ఒకసారి తెలుగులోనూ, తరువాత ఇంగ్లీషులోనూ నాకు చెప్పు. నేను సమయం చూస్తూ వింటాను, మధ్యలో అడ్డు ప్రశ్నలు కూడా వేస్తాను. ఇంటర్వ్యూ రోజున పటాన్‌చెరు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శామీర్‌పేట దగ్గర దిగితే జీనోమ్ వ్యాలీ ఉన్న తుర్కపల్లికి సులువుగా చేరుకుంటావు, ఊళ్లో ట్రాఫిక్‌లోకి రావద్దు. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు, అమ్మగారికి నా నమస్కారాలు.

నీ
ప్రాణమిత్రుడు