మా మగాళ్లు ఎక్కడికి 'షిఫ్ట్' అయిపోనారు మంత్రిగారూ?

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు మాది. అర్జీ నంబర్లు మీ ఆఫీసుకి ఎప్పుడో పంపించాం, మళ్లీ రాయను.

మా ఆయనా, మా మరిదీ గుజరాత్‌లో వేరావల్ చేపల బోట్ల మీద కలాసీలు. ఆగస్టులో ఎల్తారు, మే నెలాఖరుకి బోట్లు కట్టేశాక వొస్తారు, మా మావగారి కాలం నుంచీ ఇంతే, మా ఒడ్డున బోటు కట్టుకోడానికి జెట్టీ లేకే కదండీ ఈ పోవడం. ఇప్పుడేమో ఓటర్ల లిస్టులో ఇద్దరి పేర్లూ 'షిఫ్టెడ్' అని తీసేశారు. పేరు తీసెయ్యమని అడిగే ఫారం 7 ఎవరిచ్చారో తెలీదు, మాకు నోటీసూ లేదు. ఇల్లు ఇక్కడే, ఇంటిపన్ను కట్టేది ఇక్కడే, పిల్లల బడీ ఇక్కడే. కొన్నాళ్లు బయటికెళ్లినంత మాత్రాన నివాసం పోదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 20లోనే ఉందని మా మేనల్లుడు ఫోన్లో చూసి చదివాడు. ఇంటర్ చదివే గుంటడికి దొరికింది ఆఫీసోళ్లకి దొరకలేదా?

సోమవారం గ్రీవెన్స్‌కి చేపల గంపలు పక్కనెట్టి, ఆటోకి డబ్బులెట్టుకుని ఎల్లాం. మొదటిసారి రశీదిచ్చారు. రెండోసారి మీ ఆయన్నే తీసుకురా అన్నారు. వేరావల్ నుంచి రైల్లోనే రెండ్రోజులు పైన, అడ్వాన్సు తీసుకున్నోణ్ణి సీజన్ మధ్యలో సేటు వొదుల్తాడా సార్? మూడోసారి బయల్దేరేలోపే 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని మెసేజ్ వొచ్చింది. చాలా సంతోషం. ఏటి పరిష్కారమైందో కూడా చెప్తే ఇంకా సంతోషించేవాళ్లం.

పేరున్నా ఓటేసిందెప్పుడు లెండి. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు, 2024 మే 13న అసెంబ్లీ, రెండుసార్లూ మావాళ్లు నీళ్లమీదే ఉన్నారు. 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలన్నారు, అప్పటికి మా ఊళ్లో మిగిలింది ముసలోళ్లూ, బడిపిల్లలూ, మేమూ. జెట్టీ గురించి లేచి అడిగితే 'మగాళ్లని మాట్లాడమనండమ్మా' అన్నాడొకాయన. ఉంటే మాట్లాడరా? అసలు మేం అడిగితే ఏమైంది?

2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లని సముద్రంమీద పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయినప్పుడూ, 2020 జనవరిలో వాఘా దాటి వొచ్చినప్పుడూ నాయకులందరికీ వాళ్లు మనోళ్లే. కరాచీ జైల్లో ఉన్నోడు ఈ జిల్లావాడే గానీ, వేరావల్‌లో పనిచేసుకునేవాడు కాదా?

మిలటరీవాళ్లకి పోస్టల్ బ్యాలెట్ ఉంది. వలసపోయినోళ్ల కోసం ఒక్క మిషన్‌మీద 72 నియోజకవర్గాల ఓట్లు వేయించొచ్చని 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీలని పిలిచింది, చాలా పార్టీలు కాదన్నాయి, తర్వాత ఆ ఊసే లేదు. అప్పుడు మీరేమన్నారో మీకే తెలియాలి.

ముందు తీసేసిన పేర్లు ఎక్కించండి. మా వీధిలోనే కాదు, పక్కూళ్లలోనూ చూడండి. ఓటు ఎక్కడున్నా వేసుకునే దారేదో చూడండి, పేర్లు మాత్రం వెంటనే ఎక్కించండి బాబూ. గ్రామసభ ఒక్కటి జూన్‌లో పెట్టించండి, జెట్టీ మాట ఆ రోజు తీయండి. అప్పుడు మావాళ్లు ఊళ్లోనే ఉంటారు, మీరూ రండి.

ఇట్లు,
ఒక కలాసీ భార్య