ఆశీలు వసూలు చేసేవారే అంగడి పెట్టుకుంటే

కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల శాఖల మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి బహిరంగ లేఖ

విషయం: యాప్ స్టోర్ యజమానులు స్వతంత్ర యాప్ తయారీదారులతో పోటీ పడుతున్న తీరు, డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములు.

నేను విజయవాడలో ఒక మిత్రుడితో కలిసి తెలుగు కీబోర్డు యాప్ తయారు చేసి నడుపుతున్నాను. మీరు 2014 నుంచి 2016 వరకు ఆంధ్రప్రదేశ్ తరఫున రాజ్యసభలో ఉన్నవారు కనుక ఈ లేఖను తెలుగులోనే రాసే చనువు తీసుకుంటున్నాను.

మా ప్రాంతంలో వారపు సంతను వేలంలో పాడుకున్నవాడు గంపకు ఇంత, బండికి ఇంత అని ఆశీలు వసూలు చేస్తాడు. ఆశీలు ఎక్కువైందని సంతలో గొడవ పడటం మామూలే. కానీ ఆ పాటదారే సంత మొగదల సొంత కూరల అంగడి తెరిచి, ఎవరి గంపలో ఏది ఎంతకు పోతోందో తన చీటీల పుస్తకంలో చూసుకుని, మరుసటి వారం అదే సరుకు దింపి, తన అంగడికి మాత్రం ఆశీలు లేకుండా అమ్ముకుంటే, అప్పుడు తగవు ఆశీలు రేటు గురించి కాదు. యాప్ స్టోర్ల మీద మన దేశంలో ఇంతవరకు జరిగిన చర్చ చాలావరకు యాప్‌లలో జరిగే అమ్మకాల మీద స్టోర్ తీసుకునే వాటా 15 శాతమా, 30 శాతమా అన్న రేటు చుట్టూనే తిరిగింది. నేను రాస్తున్నది ఆ రెండో తగవు గురించి.

ఇది నా ఊహ కాదని చెప్పడానికి మీ శాఖ పరిధిలోని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2022 అక్టోబరు 25న ఇచ్చిన ఉత్తర్వు ఒక్కటి చాలు. ప్లే స్టోర్ బిల్లింగ్ విషయంలో గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించిన ఆ ఉత్తర్వులో పత్రికలు జరిమానా అంకెను పతాక శీర్షిక చేశాయి గానీ, అసలు సరుకు లోపలి పేజీల్లో ఉంది. ఇతర యాప్‌లు కట్టవలసిన సేవా రుసుము గూగుల్ సొంత యాప్ యూట్యూబ్‌కు వర్తించడం లేదని, ఇది వివక్షేనని కమిషన్ తేల్చింది. యూపీఐ చెల్లింపుల సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. ప్లే స్టోర్‌లో ఏదైనా కొనేటప్పుడు గూగుల్ పే వాడేవారికి ఒక్క నొక్కుతో ఆ యాప్ తెరుచుకుని, మొత్తం దానంతటదే పడి, పిన్ కొడితే పని అయిపోయేది. వేరే యూపీఐ యాప్ వాడేవారు మాత్రం తమ యూపీఐ ఐడీని అక్షరం అక్షరం టైపు చేసి, తమ యాప్‌లోకి అభ్యర్థన వచ్చేదాకా ఆగి, దాన్ని తెరిచి, ఆమోదించి, పిన్ కొట్టి, మళ్లీ వెనక్కి రావలసి వచ్చేది. ఫోను ఒకటే, బ్యాంకు ఖాతా ఒకటే, తేడా అల్లా యాప్ ఎవరిదన్నదే. నాలుగు మెట్లు ఎక్కువైతే ఎంతమంది మధ్యలోనే మానుకుంటారో వ్యాపారం చేసే ఎవరినడిగినా చెబుతారు.

మా సొంత అనుభవం ఇంతకంటే చిన్నది. ఏ సంస్థ పేరూ ఇక్కడ ఎత్తను. మా కీబోర్డును ఫోన్లో ఎక్కించుకుని సెట్టింగుల్లో ఆన్ చేయగానే ఒక హెచ్చరిక పెట్టె వస్తుంది: ఈ కీబోర్డు మీరు టైపు చేసే ప్రతి అక్షరాన్నీ, పాస్‌వర్డులతో, క్రెడిట్ కార్డు నంబర్లతో సహా సేకరించవచ్చు అని దాని సారాంశం. తెనాలిలో ఉండే ఒక రిటైర్డు తెలుగు మాస్టారు ఆ పెట్టె చూసి బెంబేలెత్తి, "ఏమయ్యా, నా పెన్షను డబ్బులకేమన్నా ప్రమాదమా?" అని మాకు ఫోన్ చేశారు. మా యాప్ అసలు ఇంటర్నెట్ అనుమతే అడగదని, టైపు చేసినది ఆయన ఫోను దాటి పోయే దారే లేదని అరగంట నచ్చజెప్పాం. ఆయన విని, "నీ మీద నమ్మకం లేక కాదు గానీ" అంటూ తీసేశారు. హెచ్చరిక ఉండకూడదని నేను అనను, కీబోర్డు ముసుగులో దొంగ యాప్‌లు వచ్చే కాలమిది. నా ప్రశ్నల్లా ఒకటే: ఫోనుతో పాటే వచ్చిన కీబోర్డును ఆన్ చేసేటప్పుడు ఆ పెట్టె ఎందుకు రాదు? టైపు చేసే అక్షరాలు దాని చేతిలోనూ పడతాయి కదా.

ఇలాంటిదే పెద్ద ఎత్తున 2022 మేలో జరిగింది. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ సదుపాయాన్ని వాడుకుని కాల్ రికార్డింగు చేసే యాప్‌లను ప్లే స్టోర్ నిషేధించింది. ట్రూకాలర్ ఆ సౌకర్యాన్ని ఎత్తివేసింది, ఆ ఒక్క పని మీదే బతికే చిన్న యాప్‌లు మూతపడే పరిస్థితికి వచ్చాయి. ఫోనుతో పాటు వచ్చే డయలర్ యాప్‌లలో మాత్రం రికార్డింగు మామూలుగానే కొనసాగింది. వ్యక్తిగత గోప్యత కోసమే ఈ నియమం అన్నారు. ఆ కారణంలో నిజముంది, వికలాంగుల కోసం పెట్టిన సదుపాయాన్ని మరో పనికి వాడటం నాకూ సమ్మతం కాదు. అయితే గోప్యతకు భంగమైన పని సొంత యాప్ చేస్తే భంగం ఎలా కాకుండా పోతుందో చెప్పాల్సిన బాధ్యత నియమం పెట్టినవారిదే.

ఈ జబ్బు ఒక్క సంస్థదీ కాదు, కొత్తదీ కాదు. తమ యాప్ చేసే పనిని ప్లాట్‌ఫామ్ యజమాని తన వ్యవస్థలోనే కలిపేసుకుంటే "షెర్లాక్ చేశారు" అనడం డెవలపర్ల పరిభాషలో మామూలైపోయింది. 2002లో ఆపిల్ తీసుకొచ్చిన షెర్లాక్ 3, వాట్సన్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ చేసే పనులనే చేయడంతో పుట్టిన మాట అది. రాత్రిపూట తెర రంగును మార్చే ఎఫ్‌లక్స్‌ను ఐఫోన్‌లో స్టోర్‌తో పని లేకుండా ఎక్కించుకునే మార్గాన్ని 2015 చివర్లో ఆపిల్ అభ్యంతరంతో ఆపేయవలసి వచ్చింది. 2016 మార్చిలో అదే పని చేసే నైట్ షిఫ్ట్ ఐఫోన్‌లోకి వచ్చింది. మంచి సౌకర్యం అందరికీ ఉచితంగా అందితే వాడేవారికి లాభమే కదా అంటారు. ఒప్పుకుంటాను. తెర రంగును మార్చే ఆ తాళంచెవి బయటివారికి కూడా ఇచ్చి ఉంటే, రెండింటిలో ఏది మెరుగో వాడేవారే తేల్చుకునేవారు.

ఇంతకూ ఈ వ్యాజ్యాలు ఎంతకాలం పడుతున్నాయో చూడండి. ప్లే బిల్లింగ్‌పై కమిషన్ విచారణకు ఆదేశించింది 2020 నవంబరులో. ఉత్తర్వు వచ్చింది 2022లో. కమిషన్ ఉత్తర్వుల మీద అప్పీళ్లు వినే అప్పిలేట్ ట్రిబ్యునల్ 2025 మార్చిలో జరిమానాను 216.69 కోట్లకు తగ్గించింది. వివాదం ఇప్పుడు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఇద్దరు మనుషులు నడిపే యాప్‌కు ఐదేళ్లంటే ఒక జీవితకాలం. ఆ కేసులో తొలి ఫిర్యాదుదారు పేరు ఉత్తర్వులో "ఎక్స్‌వైజెడ్" అని మాత్రమే ఉందన్నది కూడా మీరు గమనించాలి. తన అంగడి ఎవరి స్థలంలో ఉందో వారి మీదే ఫిర్యాదు చేసేవాడు పేరు దాచుకోక ఏం చేస్తాడు?

2024 మార్చి 1న కొన్ని భారతీయ సంస్థల యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తొలగించినప్పుడు ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు జోక్యం చేసుకోగా, అవి కొద్ది రోజుల్లోనే తిరిగి వచ్చాయి. అవి పేరున్న సంస్థలు. మా యాప్ మాయమైతే మంత్రి గారి దాకా ఎందుకు, మా వీధిలోనే ఎవరికీ తెలియదు.

పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం 2022 డిసెంబరులోనే, తప్పు జరిగాక శిక్షించడం కాక ముందే నియమాలు పెట్టాలని చెప్పింది. మీ శాఖ నియమించిన కమిటీ 2024 మార్చిలో ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. ప్లాట్‌ఫామ్ యజమాని తన సరుకును ముందుకు నెట్టుకోకూడదని, వ్యాపారుల బహిర్గతం కాని సమాచారాన్ని వారితో పోటీకి వాడుకోకూడదని, ఉల్లంఘిస్తే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 10 శాతం దాకా జరిమానా ఉంటుందని అందులో ఉంది. ఆ ముసాయిదా చట్టం కాలేదు. ఈ నియమాలు ఏ సంస్థలకు వర్తించాలో తేల్చే, దేశంలో 4,000 కోట్ల టర్నోవరు వంటి హద్దులు మన సొంత సంస్థలకే ఉరి అవుతాయన్న భయం పరిశ్రమలో ఉంది, ఆ హద్దులను పెంచితే నాకు అభ్యంతరం లేదు. పెంచే పేరుతో సమాచార వాడకం మీది నిషేధాన్ని పలుచన చేయవద్దన్నదే నా మొదటి అభ్యర్థన.

రెండోది, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది. ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్ మీద నడిచిన మరో కేసులో కమిషన్ విధించిన 1,337.76 కోట్ల జరిమానాను 2023 మార్చిలో ట్రిబ్యునల్ సమర్థించింది గానీ, కమిషన్ ఆదేశాల్లో నాలుగింటిని కొట్టివేసింది. ప్లే సర్వీసెస్ ఏపీఐలను, అంటే యాప్‌లు ఫోను వ్యవస్థతో మాట్లాడుకునే ద్వారాలను, ఇతరులకు నష్టం కలిగేలా మూయకూడదన్న ఆదేశం ఆ నాలుగింటిలో ఒకటి. జరిమానా ఖజానాకు చేరుతుంది, ద్వారం తెరుచుకుంటేనే మాకు పని జరుగుతుంది. కాబట్టి సొంత యాప్‌కు ఏ ద్వారం తెరిచారో, ఏ హెచ్చరిక మినహాయించారో, అవే షరతులతో అదే రోజు ఇతరులకూ వర్తించాలని బిల్లులోనే స్పష్టంగా రాయండి. భద్రత పేరుతో మినహాయింపు కోరితే ఆ కారణాన్ని లిఖితపూర్వకంగా కమిషన్‌కు చూపాలి.

స్టోర్‌కు కాపలా అక్కర్లేదని నేను అనడం లేదు. 2020 చివర్లో అప్పు యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయినప్పుడు, ఆ యాప్‌లను తొలగించాలని అందరికంటే గట్టిగా కోరుకున్నవాళ్లలో మాలాంటి తయారీదారులూ ఉన్నారు. కాపలాదారు తన అంగడికి కూడా అదే తనిఖీ చేయాలనే అడుగుతున్నాం. యాప్‌ను తిరస్కరించినా తొలగించినా ఏ నియమం ఏ తెర దగ్గర తప్పామో చెప్పి, నిర్ణీత గడువులో ఒక మనిషి జవాబిచ్చే ఏర్పాటును కూడా బిల్లులో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

బిల్లుపై మీ శాఖ మళ్లీ సంప్రదింపులు జరిపితే, పెద్ద సంస్థల న్యాయవాదులతో పాటు ఇద్దరు ముగ్గురు నడుపుకునే యాప్‌ల తయారీదారులను కూడా పిలవండి. హైదరాబాదులో గానీ విజయవాడలో గానీ ఒక్క రోజు కూర్చోబెడితే, మా ఫోన్లు తీసి ఆ హెచ్చరిక పెట్టె ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాదో మీ అధికారులకు పక్కపక్కన పెట్టి చూపిస్తాం.

భవదీయుడు,
ఒక తెలుగు కీబోర్డు యాప్ తయారీదారు,
విజయవాడ