పిట్టల లెక్క: మన సంఘం 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా జరిగిన పనులను సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. ఇంటి చుట్టుపక్కల ఉన్న పిట్టలను చూడటం, రాసుకోవడం, పదిమందికి చూపించడం. ఇందులో మూడోది ఈ ఏడాది బాగా జరిగింది. మొదటి రెండింటి సంగతి కొంచెం మాట్లాడుకోవాలి.

నెలకు రెండు ఆదివారాలు చెరువు కట్ట మీద నడక అని పోయిన ఏడు ఇదే హాల్లో చేతులెత్తి తీర్మానించాం. 24 నడకలకు 17 జరిగాయి. ఆగిపోయిన ఏడింటిలో రెండింటికి వాన కారణం, ఐదింటికి మనమే కారణం. జూన్‌లో ఒక ఆదివారం వరంగల్ భద్రకాళి చెరువు దగ్గరికి వచ్చింది నేను, కోశాధికారి గారు, ఆయన మనవడు. మనవడు బెంచీ మీద పడుకున్నాడు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ రోజు "శుభోదయం" పూల బొమ్మలు పద్నాలుగు వచ్చాయి.

వచ్చినవాళ్లకు కనబడని రోజంటూ లేదు. ముణుగుడు కోళ్లు, నీటికాకులు, లకుముకి పిట్ట, కరెంటు తీగ మీద పసిరిక పిట్టలు ఎప్పుడూ ఉంటాయి. చలికాలంలో దాసరి పిట్టలు కట్ట మీద తోకలు ఊపుకుంటూ మనకంటే ముందే వాకింగ్ మొదలుపెడతాయి.

మే నెలలో ఒక కాలనీలో జరిగిన సంగతి రికార్డులో ఉండాలని రాస్తున్నాను. పునాది తవ్వడానికి ముగ్గు పోసిన ఖాళీ ప్లాటులో తీతువు పిట్ట కంకర రాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. ఈ పిట్టకు గూడంటూ ఏమీ ఉండదు, గుడ్లు కూడా రాళ్ల రంగులోనే ఉంటాయి. మనిషి దగ్గరికి పోతే నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంది. తీతువు అరిస్తే అరిష్టమని మన దగ్గర ఉన్న నమ్మకం మీకు తెలిసిందే. ఇల్లు కట్టుకునే చోట ఈ అరుపులేంటని ఆ ఇంటి పెద్దావిడ పిట్టను వెళ్లగొట్టమన్నారు. పక్క వీధిలో ఉండే మన సభ్యురాలు వెళ్లి, అది శాపం పెట్టడం లేదు, పిల్లల కోసం ఏడుస్తోంది అని చెప్పి ఒప్పించారు. మేస్త్రీ గుడ్ల చుట్టూ ఇటుకలు పేర్చాడు. పిల్లలు బయటికి వచ్చేదాకా, అంటే దాదాపు నాలుగు వారాలు, ఆ మూల గడ్డపార పడలేదు. మూడు గుడ్లు పిల్లలయ్యాయి. ప్లాటు యజమానికి, ఆ పెద్దావిడకు, మేస్త్రీకి సంఘం తరఫున కృతజ్ఞతలు. గృహప్రవేశానికి మనల్ని పిలిచారు కూడా.

ఇక దసరా.

పాలపిట్ట మన తెలంగాణ రాష్ట్ర పక్షి. జమ్మి, తంగేడు, జింకతో పాటు 2014 నవంబరులో ప్రకటించారు. దసరా రోజు దాన్ని చూస్తే మంచిదని మన పెద్దలు పొలిమేర దాటి పొలాల్లోకి పోయి చూసివచ్చేవారు. ఇప్పుడు పొలాలు దూరమయ్యాయి. దాంతో పిట్టనే పట్టి, రెక్కలు కత్తిరించి, పంజరంలో పెట్టి జమ్మి దగ్గరికి తెస్తున్నారు. పది రూపాయలిస్తే గుడ్డ తీసి చూపిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక పాలపిట్టలు తగ్గిపోతున్నాయని, దాని పరిస్థితిని మళ్లీ అంచనా వేయాలని చెప్పింది. చెట్టు తొర్రలో పిల్లలను పెంచే పిట్ట అది. తొర్రలున్న ముసలి చెట్లు ఎన్ని మిగిలాయో మీకే తెలుసు.

ఈసారి పంజరం దగ్గరికి పోయి గొడవపడేకంటే జనాన్నే పిట్ట దగ్గరికి తీసుకుపోదామని ఆగస్టు సమావేశంలో ఉపాధ్యక్షులు అన్నారు. పండక్కి రెండు వారాల ముందు నుంచి నలుగురు సభ్యులు రోజూ పొద్దున బండ్ల మీద ఊరవతల పొలాల వెంట తిరిగి, ఏ తీగ మీద ఏ టైముకు కూర్చుంటుందో రాసుకున్నారు. పాలపిట్టకు ఒక అలవాటుంది. నచ్చిన చోటికి మళ్లీ మళ్లీ వచ్చి కూర్చుని, కింద మిడత కదలగానే దిగుతుంది. ఆ చోటు పేరు ఈ నివేదికలో రాయడం లేదు. ఎందుకో చెప్పనక్కర్లేదు.

సద్దుల బతుకమ్మ నాడు మహిళా సభ్యులు కాలనీల్లో నోటిమాటగా చెప్పారు. ఆ ప్రచారానికి పైసా ఖర్చు కాలేదు, మనం వేయించిన కరపత్రాలకంటే అదే బాగా పనిచేసింది. అక్టోబర్ 2న పొద్దున ఆరింటికి ముప్పై మంది వస్తారనుకుంటే వందకు పైగా వచ్చారు. ఆ రోజే గాంధీ జయంతి కూడా. మాంసం దుకాణాలు, వైన్ షాపులు బంద్. పొద్దున్నే క్యూలో నిలబడే పని లేక మగవాళ్లు కూడా వచ్చారని ఉపాధ్యక్షుల విశ్లేషణ.

ఇరవై ఐదు నిమిషాలు పిట్ట జాడ లేదు. మా నలుగురికీ టెన్షన్. రెండు వారాలు తప్పకుండా కూర్చున్న పిట్ట పండగ రోజే సెలవు పెట్టింది. కొత్త బట్టలేసుకున్న పిల్లలు పత్తి చేలో బురద తొక్కడం మొదలుపెట్టారు. చివరికి దాన్ని కనిపెట్టింది మేమెవరమూ కాదు, ఆరో తరగతి పిల్లవాడు. మేం చూస్తున్న తీగ మీద కాదు, వెనక మోటారు కొట్టం మీద ఉంది. కూర్చున్నప్పుడు మట్టి రంగు పిట్టే అనిపిస్తుంది. అది లేచింది. రెక్కలు విప్పేసరికి వందమందీ ఒక్కసారి "ఓ" అన్నారు. ఒక ముసలమ్మ చేతులు జోడించి, "ఇన్నేండ్ల సంది పంజరంలనే జూసిన బిడ్డా, ఎగిరితే ఇంత నీలముంటదని తెల్వది" అన్నది. నా చేతిలో బైనాక్యులర్ ఉందని కూడా మరిచిపోయాను.

సాయంత్రం జమ్మి దగ్గర ఒకడు పంజరంతో రానే వచ్చాడు. మన పిల్లలు చుట్టూ చేరి "పొద్దున ఫ్రీగ చూసినం, మీదానికి ఎగరనే రాదు" అని వాడి బేరం చెడగొట్టారు. సంబంధిత కార్యాలయానికి ఫోన్ చేస్తే ఎత్తినాయన "పండగ పూట ఏందండీ" అన్నారు. సిబ్బంది వచ్చింది మరునాడు. అప్పటికి పంజరం లేదు, మనిషి లేడు. ఆ పిట్ట ఏమైందో తెలియదు. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా అది ఎగరలేదు. ఇంత గర్వంగా చెప్పుకుంటున్న కార్యక్రమంలో ఆ ఒక్కటి నాకు ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది.

అక్టోబర్ చివర మొంథా తుఫాను ఆంధ్రా తీరం దాటి మన వీధుల్లోకి నీళ్లు తెచ్చింది. కింది గదిలో ఉన్న మన హాజరు రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి. కాబట్టి హాజరు అంకెలు ఫోన్లో ఉన్న ఫొటోలు చూసి రాసినవి. "నేను వచ్చాను, నా పేరు లేదు" అనేవారు ఫొటో చూపించగలరు.

డిసెంబరులో టూర్. శనివారం మధ్యాహ్నం గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి గుంటూరు, మరునాడు పొద్దున ఉప్పలపాడు చెరువు, సాయంత్రం బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్. 38 మంది వచ్చారు, ఇంకో పదిమంది వెయిటింగ్ లిస్టు. ఉప్పలపాడులో ఊరి చెరువు మధ్య తుమ్మ చెట్ల నిండా గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు. ఊరివాళ్లు వాటిని తమ పిట్టలనే అంటారు. సూర్యలంకలో డిసెంబరులోనూ ఒళ్లంతా జిగట. అల వెనక్కి పోగానే చిన్న ఉల్లంకి పిట్టలు దాని వెంట పరుగు, అల వస్తే వెనక్కి పరుగు. మనవాళ్లు గంటసేపు కదల్లేదు. చాలా బాగుంది. కానీ నెల తిరక్కుండా జనవరిలో నీటిపక్షుల గణనకు ఊరవతల చెరువు దగ్గరికి రమ్మంటే ఐదుగురు వచ్చారు. మూడు వందల కిలోమీటర్లు పోయి చూసినవాళ్లు మూడు కిలోమీటర్లు రాలేదు. ఆ రోజు మన చెరువులో సూదితోక బాతులు దిగి ఉన్నాయి. ఫొటో పెడితే "అయ్యో, చెప్పలేదే" అన్నారు. చెప్పాను. మూడుసార్లు.

ఫిబ్రవరి 13 నుంచి 16 దాకా గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. పదిహేను నిమిషాలు మిద్దె మీద నిలబడి కనిపించినవి లెక్కపెట్టి పక్షుల నమోదు వెబ్‌సైటు ఈ-బర్డ్‌లో ఎక్కిస్తే చాలు. పైన చెప్పిన 2023 నివేదికలో 942 జాతుల లెక్క తేలింది 30 వేల మంది ఇలా ఎక్కించిన మూడు కోట్ల నమోదులతోనే. మన దగ్గర ఈ పని సరిగ్గా చేసింది గృహిణులు. బట్టలారేస్తూ జెముడు కాకిని, పికిలి పిట్టను, తేనెపిట్టను రాసినవారు కాలేజీ విద్యార్థులకంటే ఎక్కువ లిస్టులు ఇచ్చారు.

పక్షుల తెలుగు పేర్ల పట్టీ సగంలో ఉంది. నల్లటి, చీలిన తోక పిట్టను కొందరు ఏట్రింత అంటారు, కొందరు పసుల పోలిగాడు అంటారు. రెండూ ఉంచుదాం. ఎవరూ అలగొద్దు.

ఊరవతల చెరువు శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే చోట, రాత్రిపూట టిప్పర్లతో మట్టి పోస్తున్న సంగతిపై మూడు వినతిపత్రాలు ఇచ్చాం. మొదటిది దొరకడం లేదన్నారు, రెండోది పై సార్ దగ్గర ఉందన్నారు, మూడోదానికి రసీదు ఇచ్చారు. ఎఫ్‌టీఎల్ రాయి, అంటే చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే హద్దు రాయి, ఒకటి ఇప్పటికే మట్టి కింద ఉంది. నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడి దగ్గరికి మట్టి ఇంకా రాలేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. టూర్ ఖర్చు వెళ్లినవాళ్లే పెట్టుకున్నారు, చందాల్లో మూడు వేల చిల్లర మిగిలింది. బకాయిల జాబితా గుమ్మం దగ్గర అతికించాం. సందేహాలుంటే భోజనానికి ముందే అడగండి.

హాలు ఇచ్చిన ప్రధానోపాధ్యాయులకు, వలలు తీసేదాకా ఆగి తెప్ప మీద తిప్పిన మత్స్యకారులకు, పొద్దున ఐదున్నరకే పొయ్యి వెలిగించిన చాయ్ హోటల్ ఆయనకు, తుఫాను రాత్రి సామాను మేడ మీదకు మోసిన పక్కింటి కుర్రాళ్లకు, ఫొటోలు ప్రింటు తీసి డబ్బులు అడగని స్టూడియో వారికి కృతజ్ఞతలు. రాని సభ్యుల ఇంట్లో వాళ్లకు కూడా, ఎందుకంటే ఫోన్ చేస్తే నిజం చెప్పింది వాళ్లే.

సంఘం బైనాక్యులర్లు నాలుగింటిలో ఒకటి పెళ్లి వీడియో కోసమని పోయి ఇంకా రాలేదు. తీసుకున్నవారు ఎవరో నాకు తెలుసు, పేరు చదవకముందే తెచ్చి ఇవ్వగలరు. ఏప్రిల్ చివరి ఆదివారం పొద్దున 5:45కు తూము దగ్గర కలుద్దాం. టిఫిన్ ఎవరిది వారే.

కార్యదర్శి